మార్తమ్మ గారి బోరింగు

సత్యానందం గారు నవంబరులో బాపట్ల వెళ్ళి, కెనడాలో ఒటావా పక్కనున్న కనాటాకి తిరిగి వచ్చినప్పుడు ఆయన పెట్టెలో బట్టల్లేవు, స్వీట్లు లేవు, పచ్చళ్ళు లేవు. ఒక రాయి ఉంది. తెల్లటి పాలరాయి. పెట్టెతో కలిపి సరిగ్గా ఇరవై మూడు కిలోలు. విమానం వాళ్ళు అంతకు మించి ఒప్పుకోరని, అక్షరాలు చెక్కే మేస్త్రి చేత అంచులు మూడుసార్లు గీకించి, మూడుసార్లు కిరాణా కొట్టు కాటా మీద తూయించి మరీ తెచ్చారు. దానికి చోటివ్వడం కోసం రూపవతి గారి అక్క ఎంతో ఆశగా పెట్టిన ఆరు కిలోల రొయ్యల పచ్చడి బాపట్లలోనే ఉండిపోయింది. ఈ కథలో రూపవతి గారు మొగుడి మీద విసుక్కున్నప్పుడల్లా వెనకాల ఆ పచ్చడి ఉందని గుర్తుంచుకోవాలి.

ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అమ్మాయి "పెట్టెలో ఏముంది?" అని అడిగింది. రెండు రాత్రులు నిద్రలేని సత్యానందం గారు మనసులో ఉన్నమాట చెప్పేశారు.

"మై మదర్."

ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది. ఇంకో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. పెట్టె తెరిచి రాయి చూశాక వాళ్ళలో పెద్దాయన టోపీ తీసి సంతాపం తెలిపాడు. తల్లి పోయి పదకొండేళ్ళయిందని అప్పుడు చెబితే బాగుండదని సత్యానందం గారు కూడా తల వంచుకుని నిలబడ్డారు.

రాయి మీద ఇలా ఉంది: "ఈ బోరింగు కీర్తిశేషులు మార్తమ్మ గారి జ్ఞాపకార్థం కుమారుడు సత్యానందం, కోడలు రూపవతి, కనాటా, కెనడా వారు ఆఫ్రికా ప్రజలకు బహూకరించినది."

రూపవతి గారు గరాజ్‌లో నిలబడి అది పైనుంచి కిందికి చదివారు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట! బోరింగేదండీ? అసలు ఏ దేశవో అన్నా తేలిందా?"

"తేలుద్ది. అందుకే దేశం పేరు రాయించలా. ఆఫ్రికా అంటే ఎక్కడైనా సరిపోద్ది," అన్నారాయన. అరవై ఒక్కేళ్ళ టెలికాం ఇంజనీరు. ఏ పనికైనా ముందుచూపు ఉండాలంటారు.

ఈ రాయి సంగతి అర్థం కావాలంటే మనవాళ్ళ పేర్ల పిచ్చి సంగతి తెలియాలి. సత్యానందం గారి ఊరు బాపట్ల అవతల, సముద్రానికి రెండు మైళ్ళలో ఉంది. అక్కడి గుడిలో, అంటే చర్చిలో, దాత పేరు లేని వస్తువు లేదు. బెంచీల మీద పేర్లు, గంట మీద పేరు, మైకు స్టాండు మీద పేరు. ఫ్యాన్లకైతే రెక్కకొకటి: ఒక రెక్క మీద ఇచ్చినాయన, రెండో రెక్క మీద ఆయన భార్య, మూడో రెక్క మీద ప్రస్తుత నివాసం. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు గనుక, దాత గుడికి వచ్చిన ఆదివారం దాన్ని ఆపేసేవారు. మే నెలలో నలుగురు దాతలు ఒకేసారి సెలవులకొస్తే జనం చెమటలు కక్కుకుంటూ ప్రసంగం వినేవారు.

అన్ని పేర్లున్న ఆ గుడిలో సత్యానందం గారి తల్లి మార్తమ్మ గారి పేరు మాత్రం లేదు. ఆ ఊళ్ళో బావుల్లో నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళకి మైలున్నర దూరంలో ఒక్కటే చేతిపంపు. దాన్ని ఆ వైపు బోరింగంటారు. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు చొప్పున ఆవిడ ఇరవై ఏళ్ళు మోసింది. కోళ్ళు పెంచి, గుడ్లమ్మి, గుడికి ఒక బెంచీ చేయించింది. దాని మీద ఆవిడ భర్త పేరు రాశారు. ఇల్లు ఆయన పేరునే, పొలం ఆయన పేరునే. "పోనీలేరా, కూకునేవాళ్ళకి పేరుతో పనేంటి?" అనేదావిడ. కానీ ఆదివారం ఆ బెంచీ మీదే కూర్చుని, లేచేటప్పుడు ఆ పేరు మీది దుమ్ము కొంగుతో తుడిచేది. చిన్నప్పటి నుంచీ అది చూసిన కొడుకు, ఆవిడ షుగరు జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల్లో చేయి పట్టుకుని చెప్పాడు: "నీ పేరు రాయి మీద రాయిస్తానమ్మా. బోరింగు కట్టించి దానికే పెట్టిస్తా."

"సమాధి మీదుందిగా పేరు?" అంటారు రూపవతి గారు.

"పోయినాక అందరికీ రాస్తారు. ఇచ్చినోళ్ళకి రాసేది వేరు," అంటారు సత్యానందం గారు. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన గొంతు ఏ సంవత్సరమూ బాగుండదు.

మాట నిలబెట్టుకోవడానికి ఊరికి వెళితే అక్కడ ఇంటింటికీ కుళాయిలొచ్చేశాయి. బోరింగు వేయిస్తానంటే సర్పంచి నవ్వి టీ ఇప్పించి పంపాడు. అప్పుడే ఆయన చూపు ఆఫ్రికా మీద పడింది.

కనాటా తెలుగు సహవాసం, అంటే అక్కడి తెలుగు క్రైస్తవుల కూటం, ఆదివారం మధ్యాహ్నాలు ఒక కెనడా వాళ్ళ చర్చి బేస్‌మెంటులో కూడుకుంటుంది. ఆ చర్చికి బోట్స్వానాలో మొలాపో అనే ఊరితో చాలా ఏళ్ళ స్నేహం. మనమూ ఏదైనా చేద్దామని సహవాసం వాళ్ళు చందా పోగుచేసి, ఏం చేయాలో తేల్చమని ఒక మిషన్ కమిటీని వేశారు. కమిటీలో నలుగురు. అధ్యక్షురాలు బేబీ గారిది కాకినాడ. ఇక్కడ ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. కార్యదర్శి సత్యానందం గారు. స్లైడ్లు చేయడానికి ఆయన ఆఫీసులోనే పనిచేసే అనంతపురం యోగానంద్. టీ టిఫిన్లు చూడటానికి రూపవతి గారు. టిఫిన్లు చూసేవాళ్ళకీ ఓటుంటుందన్న సంగతి కమిటీ వేసిన రోజున సత్యానందం గారికి తట్టలేదు.

జనవరి దాకా కమిటీ ఐదుసార్లు కూర్చుని మొలాపోకి ఏం అవసరమో లోతుగా చర్చించింది. ఆరోసారి బేబీ గారు అన్నారు: "ఆయ్, మొలాపో వైపు ఆరోగ్యశాఖలో పనిచేసే కెఫిల్వే గారని ఒకావిడ కోర్సు చేయడానికి ఒటావా వచ్చి ఉన్నారండి. పైన చర్చిలో కనపడతన్నారు. ఆవిణ్ణే అడిగేత్తే పోలా?"

ఆ మాట మిగతా ముగ్గురికీ కొత్తగా వినిపించింది. అడిగి తెలుసుకోవచ్చన్న ఆలోచన అప్పటిదాకా ఎవరికీ రాలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం కెఫిల్వే గారు సత్యానందం గారింటికి వచ్చారు. యాభై దాటిన మనిషి, మంచి పొడుగు, మొహాన ఎప్పుడూ ఏదో నవ్వు ఆపుకుంటున్నట్టుంటుంది. లోపలికి రాగానే సత్యానందం గారి చేయి రెండు చేతులతో పట్టుకుని "దుమేలా, రా" అన్నారు. ఆవిడ భాషలో అది "నమస్కారమండీ, అయ్యా" అన్నంత మర్యాద. తెలియక సత్యానందం గారు ఉలిక్కిపడ్డారు. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో తాను అనలేని మాట ఇంకొకరు అంత తేలిగ్గా అనేశారని రూపవతి గారు ఆవిడకి రెండు గారెలు ఎక్కువ వేశారు.

యోగానంద్ టీవీకి లాప్‌టాప్ తగిలించాడు. పద్నాలుగు స్లైడ్లు. మొదటి స్లైడులో నెర్రెలు బారిన ఎర్రనేల, దూరంగా ఎండిన ఒక తుమ్మచెట్టు, పైన పెద్ద అక్షరాలతో "నీరే జీవం".

కెఫిల్వే గారు గారె పక్కన పెట్టి ముందుకు వంగారు. "అయ్యో, ఎక్కడిది ఇది?"

"అది సింబాలిక్ మేడం," అన్నాడు యోగానంద్.

"ఏ ఊరు?"

యోగానంద్ కాసేపు నీళ్ళు నమిలాడు. "అనంతపురం దగ్గర మేడం. మా మామ చేను."

ఆవిడ సంచీలోంచి నోటుబుక్కు తీశారు. "పాపం. అక్కడ ఎంతమంది ఉంటారు? బోరు వేయిస్తే నయమా?"

"పద్దెనిమిది బోర్లు ఏయించినాం మేడం. ఒగదాంట్లోనూ నీళ్ళు పడలే."

ఆవిడ పద్దెనిమిది అని రాసుకుని దాని కింద గీత గీశారు. మిగతా పదమూడు స్లైడ్లు చూపించే ధైర్యం యోగానంద్‌కి లేకపోయింది.

"మా ఊరి సంగతి చెప్తాను," అన్నారు కెఫిల్వే గారు, ఇంగ్లీషులో, నిదానంగా. "మా ఇళ్ళల్లో కుళాయిలున్నాయి. రోడ్డుంది, బడి ఉంది. మా దేశం బీద దేశాల లిస్టులోంచి ఎప్పుడో బయటికొచ్చేసింది. సంతోషమే. కానీ ఆ లిస్టులోంచి మేం రాగానే సాయం చేసేవాళ్ళు చాలామంది సామాను సర్దుకున్నారు. అలాగని మేమేమీ ధనవంతులం కాలేదు."

బేబీ గారు తలూపారు. "మజ్జ బెంచీ పిల్లలన్నమాట. ఫెయిలయ్యేవోడికి ట్యూషను, ఫస్టొచ్చేవోడికి ప్రైజు. మజ్జలోవోడి పేరు మాస్టారికి కూడా తెలవదు."

అది తర్జుమా చేసి చెబితే కెఫిల్వే గారు పెద్దగా నవ్వి, దాన్నీ రాసుకున్నారు. "సరిగ్గా అంతే. ఇంకా అడపాదడపా వచ్చేవాళ్ళు మాత్రం బోరే వేస్తామంటారు. ఊళ్ళో ఇప్పటికి ఏడు బోర్లున్నాయి. ఏడింటికీ పేర్ల రాళ్ళున్నాయి."

సత్యానందం గారు ఆశగా అడిగారు: "రాళ్ళు ఎలా ఉన్నాయండీ?"

"రాళ్ళు చాలా బాగున్నాయి. ఆవులు వీపు గోక్కుంటాయి."

ఏం కావాలో తేల్చుకోవడానికి మొలాపో వాళ్ళు కిందటేడు ఊరంతా సభ కూర్చున్నారట. పొద్దున మొదలెట్టి సాయంత్రం దాకా, ముసలివాళ్ళతో సహా ప్రతివాళ్ళూ లేచి మాట్లాడారట. ఆఖరికి అందరూ కలిసి ఒకటో నంబరుగా పెట్టిన పని ఒకటుంది. కెఫిల్వే గారు తన కాలు కాస్త ముందుకు చాపి, బొటనవేలు చూపించారు.

"గోళ్ళు," అన్నారు.

సత్యానందం గారు కార్యదర్శి గనుక మినిట్స్ రాయాలి. ఆయన పెన్ను తీసి, "గో" అని రాసి, ఆపేశారు.

"షుగరు," అన్నారు కెఫిల్వే గారు. "ముసలివాళ్ళలో ఇంటికొకరికి ఉంది. పాదాలకి స్పర్శ ఉండదు. గోరు లోపలికి పెరుగుతుంది, చెప్పు కరుస్తుంది, తెలియదు. తెలిసేసరికి కాలు తీసేయాలంటారు. పాదాలు చూడటం నేర్చిన ఒక నర్సు, ఒక మంచి కుర్చీ, నాలుగు మంచి కత్తెరలు, వారానికి ఒక రోజు. అంతే మాకు కావలసింది."

"ఆయ్, నేను రోజూ చేసే పనేనండి ఇది," అన్నారు బేబీ గారు ఉత్సాహంగా. "ఆ నర్సమ్మకి వీడియోలో నేనే నేర్పించేత్తాను."

సత్యానందం గారు పెన్ను కింద పెట్టేశారు. "బేబీ గారూ, కాస్త ఆలోచించండి. ఆఫ్రికాకెళ్ళి గోళ్ళు కత్తిరించాం అని రిపోర్టులో ఎట్లా రాస్తామండీ? బోరింగంటే పదికాలాల పాటు నిలబడుద్ది. గోళ్ళు మళ్ళీ పెరుగుతయ్యి!"

"దాహం కూడా మళ్ళీ మళ్ళీ ఏత్తదండి," అన్నారు బేబీ గారు.

"అయితే, గోళ్ళ కత్తెర మీద మా అమ్మ పేరెట్లా పడుద్దండీ?"

"'మా' అన్నంత వరకూ పడుద్దిలెండి," అన్నారు రూపవతి గారు వంటింట్లోంచి.

ఓట్లు వేశారు. బోరింగుకి సత్యానందం గారు, పద్నాలుగు స్లైడ్లు చేసినవాడు గనుక యోగానంద్. గోళ్ళకి బేబీ గారు, రొయ్యల పచ్చడి తరఫున రూపవతి గారు. రెండూ రెండూ సమానమయ్యాయి. నిర్ణయం వచ్చే శనివారానికి వాయిదా పడింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని సత్యానందం గారు ఆ వారమంతా ఫోన్లు చేశారు. బేబీ గారు ఫోనెత్తి గోళ్ళ గురించే చెప్పారు. ఒక గంట విన్నాక సత్యానందం గారే తన గోళ్ళు చూసుకుని కంగారు పడ్డారు.

ఇక మిగిలింది కెఫిల్వే గారే. "బోరింగైనా ఫరవాలేదు" అని ఆవిడ నోట ఒక్క మాట వస్తే చాలు. రాయి చూపిస్తే, అమ్మ సంగతి చెబితే, ఆవిడ కాదంటారా? గురువారం ఆఫీసు అయ్యాక ఆయన రాయిని తన పాత వ్యానులో వెనక పెట్టుకుని ఆవిడ ఉండే హాస్టలుకి బయల్దేరారు.

ఆ వ్యానుకి నడిచేది వెనక చక్రాలు. మంచు పడితే ప్రతి మలుపులోనూ అది తోక ఊపుతుంది. హాస్టలు ముందున్న ఎత్తు దగ్గరైతే ఒకసారి ముందుకెళ్ళాల్సింది వెనక్కి జారి, వేరేవాళ్ళ గేటు దగ్గర ఆగింది. కానీ ఆ గురువారం, అరడుగు మంచులో, బండి గీత గీసినట్టు తిన్నగా ఎత్తెక్కింది. ఒక్క చక్రం జారలేదు. సత్యానందం గారి ఒళ్ళు గగుర్పొడిచింది. "ప్రభువా, అర్థమైంది. బోరింగే," అనుకున్నారు.

కెఫిల్వే గారు కోటు తొడుక్కుని బయటికొచ్చారు. వ్యాను వెనక తలుపెత్తి ఆయన దుప్పటి తీశారు. ఆవిడ గ్లవుజు విప్పి చలిలోనే అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా చదివించుకున్నారు.

"ఈ మొదటిదేమిటి?"

"బోరింగు. చేతిపంపు."

"మీ అమ్మగారికి చేతిపంపంటే ఇష్టమా?"

సత్యానందం గారు ఆలోచించారు. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న. "లేదండీ. దాన్ని తిట్టని రోజు లేదు."

ఆవిడ నవ్వలేదు. "మా దగ్గర తల్లిని పెద్ద బిడ్డ పేరు పెట్టి పిలుస్తాం. మీ అమ్మగారు మా ఊళ్ళో ఉంటే మ్మా-సత్యా అనేవాళ్ళం."

"అంటే అక్కడా ఆవిడ పేరుండదన్నమాట," అన్నారాయన, నిజంగానే బాధపడి.

"ఎలా పోయారు ఆవిడ?"

"షుగరండీ. కాలికి పుండు పడింది. ముందు వేళ్ళు తీశారు, తర్వాత పాదం తీశారు. ఆ తర్వాత ఇంక..."

"పుండు ఎందుకు పడింది?"

సత్యానందం గారు వీధిలోకి చూశారు. ఎదురుగా ఎవరో పారతో మంచు తీస్తున్నారు.

"బూట్లు కరిచినయ్యండీ. తెల్ల బూట్లు. మెత్తగా ఉంటాయని ఇక్కణ్ణించి నేనే పంపా. ఒక సైజు చిన్నవి. చీర మీద అవేసుకుని ప్రతి ఆదివారం గుడికెళ్ళేదంట. మా అబ్బాయి కెనడా నుంచి పంపాడని అందరికీ చూపించేదంట. కరుస్తున్నాయని నాకు ఒక్కసారి కూడా చెప్పలా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఫోన్లో నేనడిగేవాణ్ణి, బూట్లు ఎట్లా ఉన్నాయమ్మా అని. పూలల్లే ఉన్నాయిరా అనేది."

కెఫిల్వే గారు ఓదార్చలేదు. రాయి మీద చేయి అలాగే ఉంచి అన్నారు: "మా ఊళ్ళో ఈ ఐదేళ్ళలో పదకొండు మందికి కాళ్ళు తీశారు. ఏడుగురికి బూట్లు కొనిచ్చింది బిడ్డలే. పట్నంలో ఉద్యోగాలొచ్చిన బిడ్డలు. మా దేశంలో ఇప్పుడు అందరి చేతుల్లోనూ నాలుగు డబ్బులున్నాయి కదా, అమ్మకి బూట్లు కొంటారు. అమ్మ చెప్పదు. మా అమ్మకి కొన్నది నేను."

ఇద్దరూ ఆ వ్యాను వెనక, తలల మీద మంచు పడుతుండగా నిలబడ్డారు. తర్వాత ఆవిడే రాయి మీద దుప్పటి కప్పారు.

శనివారం కమిటీ కూర్చుంది. యోగానంద్ కొత్త స్లైడ్లు తెచ్చాడు; ఈసారి నేల నిజంగా ఆఫ్రికాదే. సత్యానందం గారు వాటిని తెరవనివ్వలేదు. లేచి నిలబడి, "నా ఓటు గోళ్ళకి," అన్నారు.

యోగానంద్ నోరు తెరిచాడు. "సార్! ఏంది సార్ ఇది? రాయి ఏం కావల్ల?"

"రాయికేం, బానే ఉంది."

రూపవతి గారు ప్లేటు కింద పెట్టి మొగుడి మొహంలోకి చూశారు. ఆ రోజు ఆవిడ పచ్చడి ఊసెత్తలేదు. ఆయన టీలో ఒక చెంచా చక్కెర మాత్రం తగ్గించారు.

ఒంటరివాడైపోయిన యోగానంద్ మొహం చూడలేక బేబీ గారు అతనికొక పని ఇచ్చారు. క్లినిక్‌కి వచ్చినవాళ్ళ వివరాలు రాసుకునే ఫారం తయారుచేయాలి. అతని ప్రాణం లేచొచ్చింది. రెండు వారాల్లో పంతొమ్మిది గడులతో ఒక ఫారం చేసి అందరికీ పంపి, "ఇంకేమన్నా అడగల్లంటే చెప్పండి," అన్నాడు. సత్యానందం గారు ఒక్క ప్రశ్న చెప్పారు: "ఈ మధ్య మీ పిల్లలెవరన్నా కొత్త బూట్లు కొనిచ్చారా, అవి కరుస్తుంటే వాళ్ళకి చెప్పకుండా దాస్తున్నారా అని అడగాలి. ఒకసారి అడిగితే లేదంటారు. రెండుసార్లు అడగాలి." యోగానంద్ సరేనన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి సత్యానందం గారు మర్చిపోయారు.

రాయిని వ్యానులోంచి దించి గరాజ్‌లో పెట్టిన మర్నాడే బండి సొంత ఇంటి ముందు జారి, సొంత పోస్టుడబ్బాని గుద్దింది. యోగానంద్ వచ్చి చూసి, వెనక చక్రాల మీద బరువుంటే మంచులో పట్టు దొరుకుతుందని, ఇక్కడివాళ్ళు చలికాలం అందుకే ఇసక బస్తా వేసుకుని తిరుగుతారని వివరించాడు. దైవసంకేతం ఇసక బస్తా అయిపోయినందుకు సత్యానందం గారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. రాయి మళ్ళీ వ్యానులోకి ఎక్కింది.

"పోన్లెండి, అత్తయ్య గారు మిమ్మల్ని పడిపోకుండా పట్టుకున్నారు," అన్నారు రూపవతి గారు. వెంటనే, ఇంత మెత్తగా మాట్లాడినందుకు తనమీద తనకే అనుమానం వచ్చి, "ఈసారి ఇండియా వెళ్తే ఇరవై మూడు కిలోలూ పచ్చడే," అని చేర్చారు.

జూలైలో ఒక గురువారం పొద్దున ఎనిమిదింటికి కెఫిల్వే గారు మొలాపో నుంచి వీడియో కాల్ చేశారు. కోర్సు అయిపోయి అప్పటికి ఆవిడ వెళ్ళి మూడు నెలలు. సత్యానందం గారు ఇడ్లీ చేత్తో పట్టుకునే ఫోనెత్తారు. తెరమీద శుభ్రమైన గది, నీలం కుర్చీ, కత్తెరలు పేర్చిన ట్రే, బేబీ గారు నేర్పించిన నర్సమ్మ కనబడ్డారు. గది మొత్తంలో ఎక్కడా ఎవరి పేరూ లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"మాట్లాడకుండా చూడండి," అన్నారు కెఫిల్వే గారు.

తలకి పసుపుపచ్చ గుడ్డ కట్టుకున్న ముసలావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. కాళ్ళకి తెల్ల బూట్లు, మెరిసిపోతున్నాయి. నర్సమ్మ ఫారం పట్టుకుని వాళ్ళ భాషలో వరసగా అడుగుతోంది. ముసలావిడ హుషారుగా జవాబులు చెబుతోంది. పన్నెండో పదమూడో ప్రశ్న దగ్గర నర్సమ్మ తలెత్తి, స్పష్టంగా అడిగింది:

"మార్తమ్మ?"

సత్యానందం గారి చేతిలో ఇడ్లీ ఆగిపోయింది.

"మీ యోగానంద్ ఆ ప్రశ్న మొత్తం గడిలో పట్టలేదని గుర్తుకోసం మీ అమ్మగారి పేరు రాశాడు," అని కెఫిల్వే గారు మెల్లగా చెప్పారు. "మార్చమని చెబుదామనుకున్నాను. ఈలోగా అందరికీ అలవాటైపోయింది. ఇక్కడ ఆ ప్రశ్న పేరే మార్తమ్మ. పక్క ఊళ్ళ నర్సులూ ఈ ఫారమే తీసుకెళ్ళారు, అక్కడా అంతే."

ముసలావిడ కిటికీలోంచి బయటికి చూస్తూ అడ్డంగా తలూపింది. లేదట. నర్సమ్మ కదల్లేదు. మెత్తగా, రెండోసారి అడిగింది.

"మార్తమ్మ?"

చాలాసేపటికి ముసలావిడ తల నిలువుగా ఆడింది. నర్సమ్మ వంగి బూటు విప్పింది. చిటికెనవేలి పక్కన మిరియం గింజంత పుండు. దాన్ని కడగడం మొదలుపెట్టగానే ముసలావిడ గబగబా ఏదో చెప్పింది.

"కొడుకు పంపాడట," అన్నారు కెఫిల్వే గారు. "మంచి పిల్లాడట. కరుస్తున్నాయని వాడికి చెప్పొద్దంటోంది."

"చెప్పమనండి," అన్నారు సత్యానందం గారు. మళ్ళీ అన్నారు. "చెప్పమనండి. వాడేం బాధపడడు. చెప్తేనే మంచిదనండి."

రూపవతి గారు వెనకనుంచి వచ్చి, ఆయన చేతిలోంచి ఇడ్లీ తీసి ప్లేటులో పెట్టారు. అక్కడ మొలాపోలో ముసలావిడ ఫోనులోకి తొంగిచూసి, తెల్ల మీసాలు తడిసిపోతున్న ఈ పెద్దమనిషి ఎవరో, ఎందుకిలా ఏడుస్తున్నాడో అడిగింది.

కెఫిల్వే గారు ఆవిడ వైపు తిరిగి వాళ్ళ భాషలో రెండే మాటలు చెప్పారు. ముసలావిడ "ఆఁ" అని, ఎంతో పరిచయం ఉన్నదానిలా సత్యానందం గారికి చేయి ఊపింది.

"ఏమని చెప్పారండీ?" అని రూపవతి గారు అడిగారు.

"మార్తమ్మ వాళ్ళబ్బాయి అని."